డెబ్బై రెండో వంతు విమానం

లండన్ ఉత్తర భాగాన హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఎఫ్1010 నంబరు వేసిన పాత బాంబర్ విమానం ఒకటి ఉంది. పైనొక రెక్క, కిందొక రెక్క, వాటి నడుమ కర్రలూ తీగలూ, ముక్కున చెక్క పంకా. హైదరాబాద్ నిజాం బహూకరించినదని దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డిహెచ్.9ఎ విమానాలు సమకూరాయి. ఆ రకం విమానంతో యుద్ధంలోకి దిగిన మొదటి స్క్వాడ్రన్ అదే. అలా దాని పేరులో ‘హైదరాబాద్’ చేరి నిలిచిపోయింది.

1918 సెప్టెంబరులో ఆ దళం ఫ్రాన్స్ నుంచి జర్మనీ పట్టణాల మీద పగటి దాడులు మొదలుపెట్టింది. యుద్ధం ముగిసేసరికి అది వేసిన బాంబులు పదిన్నర టన్నులు. పోరాటంలో పోయిన విమానాలు 17, ప్రమాదాల్లో పోయినవి 28. ఎఫ్1010 అక్టోబరు 5న జర్మన్ల చేజిక్కి బెర్లిన్ మ్యూజియానికి చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని తూర్పు వైపుకు తరలించారు. తర్వాత పోలండ్‌లోని క్రాకోవ్ మ్యూజియంలో ఉండిపోయింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకుంది.

ఎఫ్1010 రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 14 మీటర్లు. మోడల్ విమానాలు కట్టేవాళ్లలో బాగా వాడుకలో ఉన్న కొలత 1/72. ఈ కొలతలో ఆరడుగుల మనిషి అంగుళం బొమ్మ అవుతాడు, 14 మీటర్ల రెక్క 194 మిల్లీమీటర్లవుతుంది. జానెడుకు కాస్త తక్కువ. బడిపిల్లలు కూడా చేయగల భాగహారమే ఇది, కానీ పొడవు దాటితే పనికిరాదు. బరువు ఒక లెక్కన తగ్గుతుంది, గట్టిదనం మరో లెక్కన తగ్గుతుంది. రంగు పూత మందం అసలు తగ్గనే తగ్గదు. రెజిన్ కిట్‌తో పాతకాలపు జంటరెక్కల విమానం కట్టడమంటే ఒకదానితో ఒకటి పొసగని ఈ లెక్కలకు ఒక్క బల్ల మీద రాజీ కుదర్చడం. పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు విడివిడిగా చదివినవారికి అవి రెండూ ఒకే పనిలో కలిసి ఎదురయ్యే చోటు ఇది.

ముందుగా రెజిన్ సంగతి. దుకాణాల్లో దొరికే మామూలు ప్లాస్టిక్ కిట్ పాలిస్టైరిన్‌తో తయారవుతుంది. కరిగిన పాలిస్టైరిన్‌ను ఉక్కు అచ్చులోకి పెద్ద ఒత్తిడితో ఎక్కిస్తారు. ఆ ఉక్కు అచ్చు చెక్కించడానికి భారీ పెట్టుబడి కావాలి, వేలకొద్దీ పెట్టెలు అమ్ముడైతే గాని అది తిరిగి రాదు. స్పిట్‌ఫైర్‌కు అంతమంది కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. రెండు యుద్ధాల మధ్య ఏ ఎడారి సరిహద్దులోనో ఎగిరి కనుమరుగైన విమానానికి ఉండరు. అలాంటి విమానాల మీద ప్రేమ ఉన్న కొద్దిమంది కోసం ఒకరిద్దరు మనుషులు చిన్న గదిలో కూర్చుని చేసేదే రెజిన్ కిట్. విమాన చరిత్రలో పక్కకు నెట్టేసిన పుటలు ఈనాటికీ మనుషుల చేతుల్లో తిరుగుతున్నాయంటే ఆ చిన్న గదుల పుణ్యమే.

వాళ్ల పద్ధతి ఇలా ఉంటుంది. ముందు ప్రతి భాగానికీ ఒక మూల నమూనా చెక్కుతారు, ఈమధ్య త్రీడీ ప్రింటర్ మీద కూడా తీస్తున్నారు. దాన్ని చిన్న పెట్టెలో పెట్టి చుట్టూ ద్రవరూపంలో ఉన్న సిలికోన్ రబ్బరు పోస్తారు. రబ్బరు గట్టిపడ్డాక నమూనాను బయటికి తీస్తే ఆ ఆకారంలో బోలు మిగులుతుంది. అందులో రెజిన్ పోస్తే భాగం తయారు. రబ్బరు వంగుతుంది కనుక, ఉక్కు అచ్చులోంచి రాని మెలికలు తిరిగిన భాగాలు కూడా దీనిలోంచి సులువుగా ఊడివస్తాయి. అయితే ప్రతి పోతకూ రబ్బరు కొంచెం కొంచెం పాడవుతుంది. కొన్ని పదుల పోతల తర్వాత అచ్చు పారేసి కొత్తది చేసుకోవలసిందే.

పోసే రెజిన్ సాధారణంగా పాలీయురిథేన్. ఈ పదార్థాల రసాయనానికి పునాది వేసింది జర్మనీలోని లెవర్‌కూసెన్‌లో ఒట్టో బేయర్ బృందం, 1937లో. పాలియాల్ ఒక సీసాలో, ఐసోసయనేట్ ఇంకో సీసాలో వస్తాయి. రెండూ కలిపిన క్షణం నుంచి గడియారం పరుగెడుతుంది. అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులవుతాయి, గొలుసులు అడ్డంగా ముడులు పడి వల అవుతాయి, గిన్నె వేడెక్కుతుంది, నిమిషాల్లో ద్రవం ఘనమవుతుంది. ఆ అడ్డ ముడులే ఈ కథకు కీలకం. పాలిస్టైరిన్ గొలుసులకు అవి లేవు కాబట్టి వేడి చేస్తే కరుగుతుంది, తగిన ద్రావకం తగిలితే కరిగి కలిసిపోతుంది. పాలీయురిథేన్ ముడులు పడిన వల. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. కట్టే బల్ల మీద ఎదురయ్యే ఇబ్బందుల్లో సగం ఈ ఒక్క తేడా నుంచే పుడతాయి.

ఐసోసయనేట్‌కు నీళ్లంటే పడదు. గాలిలో తేమ తగిలినా దానితో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ విడుదల చేస్తుంది. ఆ వాయువు రెజిన్‌లో బుడగలై చిక్కుకుంటుంది. కలిపేటప్పుడు చేరే గాలి దీనికి తోడు. బుడగలు వాటంతటవే పైకి తేలిపోవచ్చు కదా అనిపిస్తుంది. చిక్కటి ద్రవంలో చిన్న బుడగ పైకి తేలే వేగం దాని వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి ఉంటుందని స్టోక్స్ సూత్రం చెబుతుంది. బుడగ సగం చిన్నదైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. కంటికి కనీకనబడని బుడగ పైకి చేరేలోపే రెజిన్ బిగుసుకుపోతుంది. అందుకే శ్రద్ధగా పనిచేసే తయారీదారులు పోసిన అచ్చును ఒత్తిడి పాత్రలో పెడతారు. బయటి గాలికి నాలుగు రెట్ల ఒత్తిడిలో బుడగ ఘనపరిమాణం నాలుగో వంతవుతుంది, ఆ వాయువులో కొంత రెజిన్‌లోనే కరిగిపోతుంది కూడా. ఇంకొందరు శూన్యంలో పెట్టి బుడగలను ముందే ఉబ్బించి, వేగంగా తేలేలా చేసి వెళ్లగొడతారు. ఒకటి బుడగను నలిపేస్తుంది, ఇంకొకటి పెంచి తరిమేస్తుంది. లక్ష్యం ఒకటే.

గట్టిపడేటప్పుడు రెజిన్ కొద్దిగా కుంచించుకుంటుంది. అరశాతం కుదింపు అనుకున్నా 194 మిల్లీమీటర్ల రెక్కలో దాదాపు ఒక మిల్లీమీటరు పోతుంది. మంచి తయారీదారు ఆ మేరకు మూల నమూనానే పెద్దదిగా చేసుకుంటాడు. ఇంకొకరి కిట్ కొని, ఆ భాగాలకే అచ్చు తీసి అమ్ముకునే దొంగ పోతలు ఈ పరీక్షలో పట్టుబడతాయి. నకలుకు నకలు తీసిన కొద్దీ విమానం చిన్నదవుతూ పోతుంది. స్కేలు పెట్టి కొలిస్తే చాలు. ఎవరో ఏడాదిపాటు కూర్చుని చెక్కిన పనిని ఇలా కాజేయడం చిన్న తప్పేమీ కాదు. ఇంత కొద్దిమంది కొనే వస్తువులో పది నకళ్లు అమ్ముడైనా అసలు మనిషి పని మానేసే పరిస్థితి వస్తుంది.

పెట్టె తెరిస్తే కనిపించేవి దంతపు రంగులోనో బూడిద రంగులోనో ఉన్న భాగాలు. ప్రతిదానికీ ఒక పక్కన దిమ్మలాంటి అదనపు రెజిన్ అంటుకుని ఉంటుంది. పోసిన దారి అది. భాగం అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన మైనం, సిలికోన్ జిడ్డు ఇంకా వాటి మీద ఉంటాయి. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టాలి. తొందరపడి ఈ పని వదిలేస్తే నెల తర్వాత వేసిన రంగు పొరలు పొరలుగా లేచివస్తుంది.

దిమ్మను సన్నటి పళ్ల రంపంతో కోయాలి. బ్లేడుతో నొక్కితే రెజిన్ తెగదు, పెళుసుగా విరుగుతుంది. కోసిన చోట ఆకురాయితో, ఉప్పు కాగితంతో నునుపు చేసేటప్పుడు లేచే పొడి చాలా సన్నగా ఉంటుంది. ఊపిరితిత్తుల లోతులకు పోతుంది. ఉప్పు కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దితే పొడి గాలిలోకి లేవదు, అయినా ముక్కుకు మాస్కు పెట్టుకోవలసిందే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని వంటగది బల్ల మీద చేయకూడదు.

రెక్కలు చాలాసార్లు వంకరగా వస్తాయి. గట్టిపడకముందే అచ్చులోంచి తీసినా, పెట్టెలో బరువు కింద నెలల తరబడి పడి ఉన్నా అంతే. కరగని పదార్థాన్ని ఎలా సరిచేయడం? వేడి నీళ్లతో. ఇలాంటి రెజిన్ చాలావరకు సుమారు 60 నుంచి 80 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. వల ముడులు విడిపోవు గానీ, ముడికీ ముడికీ మధ్య ఉన్న గొలుసు ముక్కలకు కదిలే స్వేచ్ఛ వస్తుంది. ఆ కాస్త సమయంలో రెక్కను గాజు పలక మీద తిన్నగా నొక్కిపట్టి చల్లటి నీళ్లలో ముంచితే కొత్త ఆకారం అలాగే బిగుస్తుంది. ఇదే ధర్మం ఎదురు తిరిగే సందర్భమూ ఉంది. రెంటచింతల ఎండల్లో తలుపులు మూసిన కారులో వదిలేసిన మోడల్, పడమటి కిటికీ ఎండ నేరుగా పడే గాజు బీరువాలో పెట్టిన మోడల్ ఎవరూ ముట్టకుండానే వంగిపోగలవు.

అతికించే జిగురు విషయంలో పాలిస్టైరిన్ అలవాట్లు ఇక్కడ పనికిరావు. మామూలు కిట్ సిమెంటు ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలను ఒకటి చేస్తుంది. రెజిన్ కరగదు కాబట్టి దాని ముందు ఆ సిమెంటు నీళ్లతో సమానం. ఇక్కడ కావలసింది సయనోఅక్రిలేట్, అంటే ఇళ్లలో ఫెవిక్విక్ అని పిలుచుకునే జాతి జిగురు. 1942లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో హ్యారీ కూవర్ బృందం తుపాకుల గురిచూసే అద్దాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతూ దీన్ని చేసింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోతుండడంతో పక్కన పెట్టేశారు. 1951లో జెట్ విమానాల కాక్‌పిట్ మూతల కోసం మళ్లీ పరిశోధన చేస్తున్నప్పుడు ఫ్రెడ్ జాయ్‌నర్ దాన్ని ఒక రిఫ్రాక్టోమీటర్‌లో పరీక్షించబోతే ఆ పరికరం గాజు పట్టకాలు విడదీయరాకుండా అతుక్కుపోయాయి. ఆ అంటుకునే గుణమే అసలు వరమని అప్పుడు కూవర్‌కు తట్టింది. 1958 నుంచి అది జిగురుగా అమ్మకానికి వచ్చింది.

దీన్ని గట్టిపరిచేది గాలి తగలడమో ఆరడమో అనుకుంటారు చాలామంది. నిజానికి తేమ. ఉపరితలం మీద కంటికి కనపడని నీటి పొరలో ఉండే అయాన్లు మొదటి అణువును కదిలిస్తే మిగతావి వరుసగా గొలుసు కట్టుకుంటాయి. అందుకని విశాఖలోనో కాకినాడలోనో వానాకాలపు ఉక్కపోతలో ఈ జిగురు చూస్తుండగానే బిగుస్తుంది. గాలి ఆడని చోట దాని ఆవిరి చుట్టుపక్కల తెల్లటి బూజులా పేరుకుంటుంది. ఫ్యాను తగినంత దూరంలో తిరుగుతుంటే ఆ తెలుపు తగ్గుతుంది. ఈ జిగురు నిలువునా లాగితే బాగా ఓర్చుకుంటుంది, పక్కవాటున దెబ్బ తగిలితే టప్పున విడిపోతుంది. కాబట్టి రెక్కను విమానం ఒంటికి అతికేచోట చేతి డ్రిల్లుతో రెండు వైపులా రంధ్రాలు చేసి, ఇత్తడి పుల్ల ఒకటి దిగగొట్టాలి. జిగురు ఉండేది ఇత్తడిని కదలకుండా పట్టుకోవడానికి, భారం మోసేది ఇత్తడే.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. డిహెచ్.9ఎ ఖాళీ బరువు దాదాపు 1,270 కిలోలు. పొడవు 72వ వంతయితే వైశాల్యం 5,184వ వంతవుతుంది, ఘనపరిమాణం 3,73,248వ వంతవుతుంది. అంటే అదే కలప, అదే బట్ట, అదే బోలుదనం నిలుపుకుంటూ విమానాన్ని కుదించగలిగితే మోడల్ మొత్తం 3.4 గ్రాములు తూగాలి. అసలు రెక్కల వైశాల్యం 45 చదరపు మీటర్లు, మోడల్‌లో అది 87 చదరపు సెంటీమీటర్లు. సగటున ఒక మిల్లీమీటరు మందం రెజిన్ వేసుకున్నా రెక్కలొక్కటే తొమ్మిది గ్రాములు దాటతాయి. అసలు రెక్కలో కర్ర అస్థిపంజరం మీద పలచని బట్ట, లోపలంతా గాలి. మోడల్ రెక్క ఆసాంతం రెజిన్. చూడ్డానికి అచ్చం అదే, మోయడానికి దాని కన్నా ఎన్నో రెట్ల భారం.

వైశాల్యం, ఘనపరిమాణం వేర్వేరు వేగాలతో మారతాయన్న సంగతిని గెలీలియో 1638లోనే వివరించాడు. చిన్న కుక్క తనంత కుక్కలను రెండు మూడింటిని వీపున మోయగలదేమో గానీ గుర్రం తనంత గుర్రాన్ని ఒక్కదాన్నీ మోయలేదన్నది ఆయన వాదం. ఆ వాదం ప్రకారం చిన్న విమానం పెద్దదాని కన్నా దృఢంగా ఉండాలి. కలప, బట్టలతో కట్టి ఉంటే నిజంగానే ఉండేది. ఇక్కడ పదార్థం మారింది. రెజిన్ స్ట్రట్, అంటే రెండు రెక్కల నడుమ నిలబెట్టే కర్ర, ఈ కొలతలో దాదాపు అంగుళం పొడవు, మిల్లీమీటరు కూడా లేని మందం. సన్నటి నిలువు కర్ర ఎంత భారానికి పక్కకు వంగిపోతుందో పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ లెక్కగట్టాడు. గుండ్రటి కర్ర మందం సగమైతే భారం ఓర్చే శక్తి పదహారో వంతుకు పడిపోతుంది. ఇది కాక రెజిన్‌కు క్రీప్ అనే గుణం ఉంది. స్వల్పభారం కిందనే అది నెలల తరబడి నెమ్మదిగా సాగుతుంది. కట్టిన రోజున నిటారుగా ఉన్న పై రెక్క మరుసటి వేసవికి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది.

అనుభవం ఉన్నవారు అందుకే కిట్‌లో ఇచ్చిన రెజిన్ స్ట్రట్లను కొలతకు మాత్రమే వాడుకుంటారు. వాటి పొడవు చూసి ఇత్తడి పుల్లలు కోసి, గాలికి ఎదురు తగలని ఆకారం వచ్చేలా ఆకురాయితో చెక్కి నిలబెడతారు. ఇత్తడి బిగువు రెజిన్ కన్నా దాదాపు యాభై రెట్లు. ఈ విమానానికి ఒక్కో పక్క రెండు వరుసల స్ట్రట్లు, వరుసకు ముందొకటి వెనకొకటి. అంటే మొత్తం ఎనిమిది, ఒంటి మీద పై రెక్కను ఎత్తిపట్టేవి ఇంకా కొన్ని. వీటిలో ఒక్కటి అరమిల్లీమీటరు పొట్టిదైనా పై రెక్క వంకర పోతుంది, ముందు నుంచి చూసినవారికి ఆ వంకర వెంటనే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దళసరి అట్టతో చట్రం కోసి, కింది రెక్కను అందులో కూర్చోబెట్టి, పై రెక్కను సరైన ఎత్తులో ఆనించి, అప్పుడు నిదానంగా గట్టిపడే ఎపాక్సీ జిగురుతో స్ట్రట్లు అతకడం మేలైన దారి. ఇక్కడ సయనోఅక్రిలేట్ తొందరపాటు పనికిరాదు. సర్దుకునేందుకు కనీసం పావుగంట వ్యవధి కావాలి.

మరి విమానానికి రెండు రెక్కలెందుకు పెట్టారు? ఒక్క పొడవాటి పలచని రెక్కను ఒక పక్కనుంచి మాత్రమే పట్టి నిలిపేంత బలం, తగినంత తేలికగా ఉండే అప్పటి కలప నిర్మాణానికి లేదు. దానికి సమాధానం రైలు వంతెనల నుంచి వచ్చింది. ఆక్టేవ్ షనూట్ అమెరికాలో పేరున్న రైల్వే, వంతెనల ఇంజనీరు. 1896లో మిషిగన్ సరస్సు ఒడ్డు ఇసుక దిబ్బల మీద ఆయన ఎగిరించిన గ్లైడర్‌కు ఒకదాని మీద ఒకటి రెక్కలు పెట్టి, వాటిని వంతెనల్లో వాడే ప్రాట్ చట్రం పద్ధతిలో నిలువు కర్రలతో, ఐమూల తీగలతో బిగించాడు. రైట్ సోదరులు ఆ మార్గాన్నే అందుకున్నారు. కర్రలు నొక్కుడును ఓర్చుకుంటాయి, తీగలు లాగుడును ఓర్చుకుంటాయి. నులక మంచంలో పట్టెలు, కోళ్లు ఒక పని, నులక ఇంకో పని చేస్తూ రెండూ కలిసి మనిషిని మోసినట్టే ఇది కూడా. నులక వదులైతే మంచం ఎలా కుంగుతుందో తీగ వదులైతే రెక్క అలా మెలితిరుగుతుంది.

తీగలన్నీ ఒకే పని చేయవు. కింది రెక్క మొదలు నుంచి బయటి స్ట్రట్ల పై కొసలకు ఎక్కేవి గాలిలో పనిచేస్తాయి. రెక్క పైకి లేచే శక్తిని అవి ఒంటికి అందిస్తాయి. పై రెక్క మధ్య నుంచి స్ట్రట్ల కింది కొసలకు దిగేవి నేల మీద పనిచేస్తాయి. విమానం ఆగి ఉన్నప్పుడు రెక్కల బరువు వాటిది. ముందు స్ట్రట్‌కూ వెనక స్ట్రట్‌కూ మధ్య కత్తెర వేసినట్టున్నవి రెక్క వాలు మారకుండా చూస్తాయి. బీరువాలో మోడల్ ఎప్పటికీ నేల మీదే కదా. కాబట్టి గట్టి దారం ఎక్కడ కావాలో మోడల్ కట్టేవారికి ఇక్కడే తెలిసిపోతుంది. దిగే తీగలకు బలమైన నైలాన్ దారం బిగిస్తే అవి నిజంగానే రెక్కను కాస్తాయి. ఎక్కే తీగలకు కనిపించడమే పని.

ఆ కనిపించడంలోనూ చిక్కుంది. అసలు తీగ ఆరు మిల్లీమీటర్ల వెడల్పనుకుంటే 72వ వంతులో 0.08 మిల్లీమీటర్లు. మనిషి వెంట్రుక ఇంచుమించు అంతే. పైగా బ్రిటిష్ విమానాల తీగలు గుండ్రటివి కావు. ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ పేరుతో రాఫ్-వైర్ అని పిలిచే ఈ ఉక్కు తీగలను గాలి సాఫీగా జారిపోయేలా పలచగా, కోలగా సాగదీసి చేసేవారు. గుండ్రటి తీగకు గాలి పెట్టే అడ్డు దానికి పది రెట్ల మందమున్న చక్కటి కోలాకారానికి పెట్టే అడ్డుతో సమానం. గజాలకొద్దీ తీగ ఉన్న విమానంలో అది ఇంజను శక్తిని తినేసే సంగతి. వెంట్రుక మందంలో ఆ ఆకారం చూపించడం కుదరదు. సన్నటి దారం బిగించి, ఉక్కు రంగు పూసి ఊరుకోవాలి.

పాలిస్టైరిన్ కిట్‌లైతే భాగాలు వేలాడే ప్లాస్టిక్ కాడను కొవ్వొత్తి సెగకు మెత్తబరచి లాగితే వెంట్రుకంత పోగు వస్తుంది. రెజిన్ కాడతో ఆ పని జరగదు. ముడులు పడిన వల సాగదు, మాడుతుంది. రెజిన్ మోడల్‌కు కూడా పాలిస్టైరిన్ కాడనే తెచ్చుకోవాలి, లేకపోతే సాగే గుణమున్న సన్నటి లైక్రా దారం వాడాలి. వేసవిలో రెజిన్ కొద్దిగా కదిలినా ఆ దారం తనూ సాగి బిగువు నిలుపుకుంటుంది. బిగుసుకుపోయిన నైలాన్ అన్నిచోట్లా వేస్తే అదే రెక్కను గుంజి వంకర చేస్తుంది.

రంగులేసే ముందు బట్ట గురించి రెండు మాటలు. ఈ రెక్కలకు కప్పింది ఐరిష్ లినెన్, అవిసె నారతో నేసిన బట్ట. దాని మీద డోప్ అనే వార్నిష్ లాంటి ద్రవం పూస్తే బట్ట కుంచించుకుని డప్పు చర్మంలా బిగుస్తుంది. బ్రిటిష్ విమానాల డోప్‌లలో ముఖ్యమైనది సెల్యులోజ్ అసిటేట్. విచిత్రమేమిటంటే 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ పెంగ్విన్ పేరుతో వచ్చిన తొలి పూర్తి ప్లాస్టిక్ విమాన కిట్లు కూడా ఆ సెల్యులోజ్ అసిటేట్‌తోనే చేశారు, 1/72 కొలతలోనే.

బట్ట రెండు పక్కటెముకల నడుమ కొద్దిగా లోపలికి కుంగుతుంది. అది రెండు మూడు మిల్లీమీటర్లు అనుకుంటే మోడల్‌లో 0.03, 0.04 మిల్లీమీటర్లు. ఒక్క పూత రంగు మందమూ దాదాపు అంతే. అంటే నిజాయితీగా కుదిస్తే ఆ కుంగుడు రంగులోనే మునిగిపోవాలి. కిట్ చెక్కేవాళ్లు కంటికి ఆనేలా దాన్ని పెంచి చెక్కుతారు. కొన్ని కిట్లలో రెక్క ఆకలితో పక్కటెముకలు తేలినట్టుంటుంది. అలాంటప్పుడు ఉప్పు కాగితంతో గట్లను తగ్గించి, పలచగా గాలితుంపరతో రంగు వేయడం మంచిది. 0.03 మిల్లీమీటర్ల పూత అసలు విమానం మీద ఉన్నట్టు ఊహిస్తే రెండు మిల్లీమీటర్లు దాటిన దళసరి పూత. కుంచెతో మూడు పూతలు వేస్తే ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు.

పై వైపు రంగు పేరు పిసి10. పసుపు మట్టి, నలుపు కలిపిన రంగు. శత్రువు కంటికి నేలలో కలిసిపోవడం ఒక పని, అవిసె బట్టను ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడడం ఇంకో పని. అది ఆకుపచ్చో గోధుమో అన్న వాదన దశాబ్దాలుగా సాగుతోంది. తీరేది కూడా కాదు, ఎందుకంటే కలిపిన పాళ్లను బట్టి, ఎండను బట్టి, పూతల సంఖ్యను బట్టి అది మారేది. కింది వైపు రంగు లేని డోప్ వేసిన బట్ట, మీగడ రంగు. పాత ఫొటోలు ఇక్కడ సాయపడాల్సింది పోయి దారి తప్పిస్తాయి. అప్పటి ఫిల్ముల్లో చాలావాటికి ఎరుపు దాదాపు కనపడదు, నీలం మాత్రం బాగా తగులుతుంది. బ్రిటిష్ గుర్తులో బయటి నీలి వలయం ఫొటోలో లేతగా, మధ్యలోని ఎర్ర చుక్క నల్లగా వస్తుంది. ఫొటో చూసి ముదురు, లేత రంగులు ఎంచుకున్నవారు రెండింటినీ తారుమారు చేసేస్తారు.

ఇంత పనిలోనూ ముక్కును పట్టించుకోకపోతే విమానం వేరేదైపోతుంది. దీనికి ముందరి డిహెచ్.9కు పెట్టిన ప్యూమా ఇంజను 300 అశ్వశక్తి ఇస్తుందని ఆశపెట్టి 230 దగ్గర ఆగిపోయింది. దాని స్థానంలో 400 అశ్వశక్తుల అమెరికా లిబర్టీ ఇంజను, 45 డిగ్రీల కోణంలో రెండు వరుసలుగా పన్నెండు సిలిండర్లున్నది, వచ్చింది. 1917 వేసవిలో జెస్సీ విన్సెంట్, ఎల్బర్ట్ హాల్ వాషింగ్టన్ నగరంలోని ఒక హోటల్ గదిలో కూర్చుని వారం లోపు దాని రూపకల్పన ముగించారు. బరువైన ఇంజను కోసం వెస్ట్‌లాండ్ సంస్థ రెక్కలను పెంచింది, కారుకు ఉన్నట్టు రేడియేటర్‌ను ఎదురుగా నిలిపింది. ఆ చదరపు మొహమే డిహెచ్.9ఎ గుర్తు. డిహెచ్.9లో రేడియేటర్ పొట్ట కింద ఉంటుంది.

డిహెచ్.9కు మన దేశంలో ఇంకో చరిత్ర ఉంది. యుద్ధం తర్వాత బ్రిటన్ మిగులు విమానాలు వంద భారతదేశానికి ఇచ్చింది. వాటిలో కొన్ని డిహెచ్.9లు రాజస్థాన్‌లోని బికనీర్ సంస్థానానికి చేరి, అక్కడి ఏనుగుశాలలో దశాబ్దాలు పడి ఉన్నాయి. కలపను చెదలు తినేశాయి, లోహపు భాగాలు మిగిలాయి. వాటిని ఇంగ్లండ్ తీసుకెళ్లి రెండు విమానాలు పునరుద్ధరించారు. ఒకటి డక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ప్రదర్శనలో ఉంది, ఇంకోటి 2019లో మళ్లీ గాలిలోకి లేచింది. లోహపు ముక్క కొలతను బట్టి లేని కర్ర కొలతను తేల్చిన ఆ పని, స్ట్రట్ పొడవు కోసం పాత చిత్రాలు తిరగేసే మోడల్ పనివారికి బాగా అర్థమవుతుంది.

డిహెచ్.9ఎ రెక్కలు కూడా భారతదేశానికి వచ్చాయి, వేరే ఒంటితో. 1920ల చివర బ్రిటిష్ వైమానిక శాఖ కొత్త విమానం అడుగుతూ, గోదాముల్లో మిగిలిన డిహెచ్.9ఎ భాగాలు వాడుకోవాలని షరతు పెట్టింది. వెస్ట్‌లాండ్ ఆ రెక్కల ఆధారంగానే వాపిటి విమానం తయారుచేసింది. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో భారత వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ మొదలైనప్పుడు దాని దగ్గర ఉన్నవి నాలుగు వాపిటిలు. వాటిలాంటిది ఒకటి ఢిల్లీ పాలం మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు. రెక్కల పొడవులో రెండింటికీ తేడా ఆరంగుళాలు, 72వ వంతులో రెండు మిల్లీమీటర్లు. నిజాం విమానం కట్టి రెండో జత రెక్కలు చేతిలో ఉన్నవారు ఒక్కో కొసకు ఒక మిల్లీమీటరు చేర్చి వాపిటి మొదలుపెట్టవచ్చు. అప్పుడు ఒళ్లు కొత్తగా చెక్కుకోవాలి, ముక్కున చదరపు రేడియేటర్ తీసేసి జూపిటర్ ఇంజను కోసం తొమ్మిది సిలిండర్లను విడివిడిగా పోత పోసి చుట్టూ అమర్చాలి. ఒక సిలిండర్ చెక్కి సిలికోన్ అచ్చు తీసుకుంటే మిగతా ఎనిమిది దానిలోంచే వస్తాయి.